మిల్లీగ్రాం గారి తరుగు

బజారులో అందరూ ఆయన్ని మిల్లీగ్రాం గారనేవాళ్లు. ఎదురుగా కాదు, వెనకాల. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఎన్ని కాటాలకు ముద్ర వేశాడో, ఎన్ని కాటాలను జప్తు చేసి జీపులో వేసుకుపోయాడో ఆయనకే గుర్తు లేదు. పళ్లెం కింద అయస్కాంతం అంటించడం, తూకపు రాయిని అడుగున తొలిచేసి లక్కతో పూడ్చడం, మాటల్లో పెట్టి చిటికెన వేలితో కాటాను నొక్కడం, ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి. దుకాణంలో అడుగు పెట్టగానే ముందు చూసేది సున్నా. పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు సూది సున్నా దగ్గర నిలబడిందా లేదా? "సున్నా తేడాగా ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, కేసు రాసెయ్యి" అని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేవాడు. ఆ పాఠం చెప్పేటప్పుడు కాస్త ఛాతీ కూడా విరుచుకునేవాడు.

అంతటి మనిషి ఈ రోజు పొద్దున్నే పడకగది తలుపు గడియ పెట్టుకుని, ప్యాంటు జేబుల్లో ఇత్తడి తూకపు రాళ్లు సర్దుకుంటున్నాడు. కుడి జేబులో కిలో రాయి. ఎడమ జేబులో అరకిలోవి రెండు. ఒకదానికొకటి తగిలి మోగకుండా వాటిని చేతిరుమాల్లో చుట్టాడు. ఉద్యోగ విరమణ రోజున శాఖవాళ్లు చెక్కపెట్టెలో పెట్టి బహూకరించిన రాళ్లవి. పెట్టె మూత మీద 'నిజాయితీకి గుర్తుగా' అని చెక్కి ఉంది. మూత వేసేటప్పుడు ఆయన ఆ అక్షరాల వంక చూడలేదు.

విషయం ఏమిటంటే, ఆయనకు కాలేయంలో కేన్సర్. ఆరు నెలల కింద బయటపడింది. కోసి తీసేసే చోట లేదన్నారు. మూడు వారాలకోసారి ఆసుపత్రికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, రెండు రకాల మందులు నరంలోకి ఎక్కించుకోవాలి. మొదటిరోజున డాక్టరమ్మ తీరిగ్గా అర్థమయ్యేలా చెప్పింది.

"ఈ ఇమ్యూనోథెరపీ మందు కేన్సర్‌ని నేరుగా చంపదండీ. మీ ఒంట్లో ఉన్న కాపలావాళ్లనే నిద్రలేపి దాని మీదకు పంపుతుంది. అయితే అలా లేచినవాళ్లు ఒక్కోసారి ఊరుకోరు. మన పేగుల మీదో, చర్మం మీదో, ఊపిరితిత్తుల మీదో పడతారు. అప్పుడు వెంటనే మాకు చెప్పాలి. అవసరమైతే మందు కొన్నాళ్లు ఆపి, వాళ్లను శాంతపరిచి, మళ్లీ చూద్దాం. బరువు కూడా ప్రతిసారీ చూస్తాం. తగ్గకూడదు."

ఆ కాపలావాళ్లు ఆయనకు తెగ నచ్చారు. అచ్చం మా ఇన్‌స్పెక్టర్లే అనుకున్నాడు. ఇక మిగతా మాటల్లో ఆయన చెవిన పడింది ఒక్కటే: మందు ఆపి. 'కొన్నాళ్లు', 'మళ్లీ చూద్దాం' అన్నవి తలుపు దగ్గరే ఆగిపోయాయి.

నర్సు ఆయన చేతిలో ఒక పచ్చ కార్డు పెట్టింది. విరేచనాలు, దద్దుర్లు, దురద, దగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, లేవలేనంత నీరసం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఫోన్ చేయాలని దాని మీద పెద్దక్షరాల్లో ఉంది. నేరాల జాబితా చదివినట్టు ఒకటికి రెండుసార్లు చదివి, కళ్లజోడు పెట్టెలో దాచాడు. ఆ పెట్టె తెరిచినప్పుడల్లా కార్డు కనబడేది. కళ్లజోడు తీసుకుని టక్కున మూసేసేవాడు.

ఆయన భార్య మాత్రం విన్నదంతా విన్నట్టే రాసుకుంది. వంటింట్లో పొయ్యి పక్కన కాగితం అంటించింది. మూడు పూటలు కడుపు నిండా కాదు, ఆరుసార్లు కొంచెం కొంచెం. ప్రతిసారీ మాంసకృత్తులుండాలి: గుడ్డో, చేప ముక్కో, పప్పో, పెరుగో. గుడ్డు బాగా ఉడకాలి. పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. ఎవరో చెప్పారని ఆకుపసర్లు, కషాయాలు డాక్టర్ని అడక్కుండా ముట్టకూడదు. ఆఖరి వాక్యం కింద రెండు గీతలు గీసింది, ఎందుకంటే మొదటి వారంలోనే ఆమె తమ్ముడు ఒక సీసా పట్టుకొచ్చాడు. "మా ఆయన కాలేయానికి ఉన్న పని చాలదనా?" అని సీసాతో సహా తమ్ముణ్ని గుమ్మంలోంచే తిప్పి పంపింది.

మూడో డోసు దాకా అన్నీ సవ్యంగానే నడిచాయి. బరువు యాభై ఎనిమిది కిలోలు, పోయినసారీ అంతే. తర్వాత పది రోజులకు కడుపు కదలడం మొదలైంది. మొదట మూడుసార్లు. ఏదో పడలేదులే అనుకున్నాడు. తర్వాత నాలుగు. ఇప్పుడు వారం నుంచి రోజుకు ఆరు. కాపలావాళ్లు వారంటు లేకుండా ఆయన పేగుల మీదే దాడికి దిగారు.

కార్డు మీద మొట్టమొదటి మాటే విరేచనాలు. ఫోను బల్ల మీదే ఉంది. నంబరు కార్డు మీదే ఉంది. చెప్తే మందు ఆపేస్తారు, ఆపేస్తే చచ్చిపోతాను. ఆయన లెక్క అంతే, రెండు మెట్ల లెక్క. చావంటే ఆయనకు భయం వేసింది. ఎప్పుడూ ఎవరికీ భయపడలేదని బజారంతా చెప్పుకునే మనిషి, మరుగుదొడ్డిలో తలుపేసుకుని కూర్చుని తనకు మిగిలిన రోజులు లెక్కపెట్టేవాడు.

"ఏమండీ, మళ్లీ వెళ్లారా?" అని ఆవిడ అడిగితే, "పేపరు చదువుతున్నా" అనేవాడు.

"ఒకే పేపరు ఎన్నిసార్లు చదువుతారండీ?"

"సంపాదకీయం అర్థం కావట్లేదు."

ఇంట్లో ఒక కాటా ఉంది. కాళ్లు పెట్టి నిలబడితే సూది తిరిగే పాతకాలపుది. రోజూ పొద్దున్నే ఎక్కేవాడు. సూది యాభై ఎనిమిది నుంచి ఏడుకు, ఏడు నుంచి ఆరుకు జారింది. ఈ రోజు ఆసుపత్రికి వేసుకెళ్లే బట్టలతోనే ఎక్కి చూసుకున్నాడు. సరిగ్గా యాభై ఆరు. అంటే రెండు కిలోల తరుగు. బస్తా తూచేటప్పుడు తేమ పోయిందనో, తాలు పోయిందనో వ్యాపారులు కోసుకునే దాన్ని తరుగంటారు. ఆ మాట వింటేనే ఆయనకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ తరుగు తన ఒంట్లోనే వచ్చింది, దాన్ని పూడ్చడానికి రాళ్లు జేబులో వేసుకున్నాడు. బజారులో ఏ దుకాణదారుడైనా చూస్తే పగలబడి నవ్వుతాడని తెలుసు. ఆయనకే నవ్వొచ్చింది కూడా, కానీ నవ్వితే కడుపు కదులుతుందని మానేశాడు.

ప్యాంటు జారకుండా బెల్టు రెండు రంధ్రాలు లోపలికి బిగించి, జేబులు కనబడకుండా పొడుగు స్వెట్టరు వేసుకుని బయటికొచ్చాడు.

"ఎండ మండిపోతుంటే స్వెట్టరేంటండీ?"

"అక్కడ ఏసీ ఉంటుంది."

ఆవిడ ఒక్క క్షణం చూసి, మారు మాట్లాడకుండా సంచిలో రెండు ఉడికించిన గుడ్లు, పెరుగు డబ్బా పెట్టుకుంది. అంత త్వరగా ఒప్పుకోవడం ఆవిడ స్వభావం కాదు. ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో అయితే ఆయనకు అక్కడే అనుమానం రావాలి.

ఆసుపత్రిలో పిలుపు వచ్చేలోపు రెండుసార్లు మరుగుదొడ్డికి పరిగెత్తాడు. మొదటిసారి తొందరలో బెల్టు విప్పగానే ప్యాంటు రాళ్ల బరువుకు నేల మీద ఠంగున పడింది.

"ఏమైనా పడిందా అండీ?" అని పక్క గదిలోంచి ఎవరో అడిగారు.

"ఏం లేదండీ, తాళాలు."

"ఎన్ని ఇళ్లండీ మీకు?"

రెండోసారి రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని జాగ్రత్తగా దించాడు.

బరువు చూసే గదిలో నర్సు ఫైలు తెరిచి నిలబడింది. ఆ అమ్మాయి మొదటినుంచీ ఆయన్ని బాబాయ్ గారనే పిలుస్తుంది. గదిలో నేలకు సమానంగా పరిచిన పెద్ద ఎలక్ట్రానిక్ కాటా ఉంది. భార్య గోడవార కుర్చీలో కూర్చుంది. మిల్లీగ్రాం గారు గుండెలు చిక్కబట్టుకుని కాటా ఎక్కాడు. ఎర్ర అంకెలు రెండుసార్లు మిణుకుమని ఆగాయి.

యాభై ఆరున్నర.

"అయ్యో, కిలోన్నర తగ్గారే బాబాయ్ గారూ."

ఆయన అంకెల వంక చూశాడు. దిగాడు, మళ్లీ ఎక్కాడు. యాభై ఆరున్నర. ఇంటి కాటా మీద యాభై ఆరు, జేబులో రెండు, వెరసి యాభై ఎనిమిది రావాలి. కిలోన్నర ఏమైంది? ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం ఆయన వెన్నులో నిటారుగా లేచి నిలబడింది.

"మీ కాటా తప్పు" అన్నాడు.

"కాదండీ, పోయిన నెలే ముద్ర వేయించాం."

"ఎవరు వేశారు? చూసే వేశారా, టీ తాగి వేశారా? కిలోన్నర తేడా చూపిస్తోంది. రోగుల ప్రాణాలతో ఆటలా? ఇదే బజారులో అయితే ఈపాటికి జీపులో ఉండేది!"

"ఏమండీ, పోనివ్వండి" అంది భార్య కుర్చీలోంచి సగం లేచి. ఆవిడ గొంతు ఎందుకో సన్నబడింది.

"ఎలా పోనిస్తాను? నా ఉద్యోగం పోయిందేమో కానీ, కళ్లు పోలేదు. పరీక్ష పెట్టండి. నికరమైన రాయి పెట్టి చూడండి, తెలుస్తుంది!"

నర్సుకు కూడా రోషం వచ్చింది. "నికరమైన రాళ్లు ఇప్పటికిప్పుడు నేనెక్కడినుంచి తేను బాబాయ్ గారూ?"

"ఎక్కడినుంచో ఎందుకు?" అంటూ మిల్లీగ్రాం గారు కాటా దిగి, కుడి జేబులో చెయ్యి పెట్టి, కిలో రాయి తీసి, కాటా మీద ఠపీమని పెట్టాడు.

ఒకటి అని చూపించింది. ఆవేశంలో ఎడమ జేబులోంచి చేతిరుమాలు లాగి, అరకిలో రాయి పెట్టాడు. ఒకటిన్నర. రెండోది కూడా పెట్టాడు. రెండు. గ్రాము అటూ ఇటూ లేదు. ఇంత చక్కటి కాటాను సర్వీసు మొత్తంలో చూసి ఉండడు.

నర్సు రాళ్లను చూసింది, జేబులను చూసింది, స్వెట్టరును చూసింది. మిల్లీగ్రాం గారు తన జీవితంలో ఎంతోమంది దొంగల్ని పట్టుకున్నాడు కానీ, తన దొంగతనానికి తనే సాక్ష్యం తెచ్చి, తనే కాటా మీద పెట్టి, తనే తూకం సరిపోయిందని నిరూపించిన వెర్రివాణ్ని ఇదే మొదటిసారి చూడటం. బరువు తగ్గిన ప్యాంటు పైకి లాక్కున్నాడు.

నర్సు రాళ్లు తీసి పక్కన పెట్టి, మెల్లగా అంది. "ఇప్పుడు ఎక్కండి బాబాయ్ గారూ."

ఎక్కాడు. యాభై నాలుగున్నర.

"అదెలా?" అన్నాడు, ఈసారి గొంతులో గద్దింపు లేదు. "పొద్దున యాభై ఆరు చూసుకున్నానే?"

వెనకనుంచి వెక్కిళ్లు వినిపించాయి. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఇంటి కాటా సరిగా లేదండీ" అంది. "నేనే తిప్పాను. అడుగున సున్నా జరిపే చక్రం ఉంటుందిగా, దాన్ని. కిలోన్నర పైకి పెట్టాను."

"నువ్వా!"

"అంకె తగ్గిందంటే చాలు ఆ రోజంతా మీరు ముద్ద ముట్టట్లేదు. గోడకేసి తిరిగి పడుకుంటున్నారు. అందుకని కాస్త తిప్పాను. ఆ రోజు గుడ్డు మొత్తం తిన్నారు. మర్నాడు మళ్లీ తగ్గింది, మళ్లీ కాస్త తిప్పాను. మీరు తింటున్నారు కదా, అదే చాలనుకున్నాను."

"చక్రం సంగతి నీకెలా తెలుసు?"

"ముప్పై ఏళ్లుగా అన్నాల దగ్గర మీరు చెప్పింది అదేగా! ఏ దొంగ ఏం తిప్పాడో వినకుండా నేనొక్క ముద్దయినా మింగానా?"

ఆయన కాటా మీద నిలబడే ఉన్నాడు. తన ఇంట్లో, తన కాళ్ల కింద, సూది కిలోన్నర దగ్గర మొదలవుతుంటే, ఒక్క రోజు, ఒక్క రోజంటే ఒక్క రోజు ఎక్కే ముందు సున్నా వంక చూడలేదు. ఎందుకు చూడలేదో కూడా ఇప్పుడు అర్థమైంది. చూస్తే నిజం తెలుస్తుంది. ఆయనకు నిజం అక్కర్లేకపోయింది. భార్య మీద కోపం తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడుద్దామనిపించింది, కానీ మళ్లీ కడుపు కదిలింది.

"సిస్టర్, ఒక్క నిమిషం" అని పరిగెత్తాడు. ఈసారి పరుగు తేలిగ్గానే సాగింది.

తిరిగొచ్చేసరికి డాక్టరమ్మే ఆ గదికి వచ్చి ఉంది. రాళ్లు ఆమె ముందు బల్ల మీద వరసగా ఉన్నాయి.

"రోజుకు ఎన్నిసార్లు?" అని అడిగింది, ఉపోద్ఘాతం లేకుండా.

మిల్లీగ్రాం గారు బజారులో తనముందు నిలబడ్డ వ్యాపారుల్లాగే తల దించుకుని చెప్పాడు. "ఆరు. వారం నుంచి. అంతకుముందు నాలుగు, మూడు."

"ఆరా!" అంది భార్య. "సంపాదకీయం అన్నారే?"

డాక్టరమ్మ నవ్వలేదు. కడుపు నొక్కి చూసింది, రక్తం పడుతోందా అని అడిగింది, నాలుక చూసింది. అప్పుడు కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"మీకు ఇచ్చే రెండు మందుల్లో ఒకటి బరువును బట్టి కొలిచి ఇస్తామండీ. మీరు మోసుకొచ్చిన రెండు కిలోల ఇత్తడికి కూడా ఇవాళ మందు ఎక్కించేవాళ్లం. అది పోనివ్వండి. అసలు సంగతి వేరే. పేగులు వాచి ఉన్న మనిషికి, చెప్పలేదు కాబట్టి, ఇంకో డోసు ఇచ్చేవాళ్లం. అప్పుడు పేగుకు చిల్లు పడొచ్చు. కేన్సర్ దాకా అక్కర్లేదు, దాంతోనే పోతారు."

గుండెల్లో రాయి పడింది. దానికి మాత్రం ఏ ముద్రా లేదు.

"మందు ఆపేస్తారా?" అన్నాడు.

"ఇవాళ్టికి ఆపుతాను. పరీక్షలు చేసి, రెండు రోజులు ఇక్కడే ఉంచి, సెలైను పెట్టి, వాపు తగ్గడానికి మాత్రలిస్తాను."

"మళ్లీ ఇస్తారా?"

"ఇప్పుడే మాటివ్వలేను. తగ్గితే చూద్దాం. మొదట్లోనే, మూడుసార్లప్పుడే ఫోన్ చేసి ఉంటే ఈ పాటికి తగ్గిపోయేదేమో."

ఆ ఆఖరి మాట డాక్టరమ్మ మామూలుగానే అంది. మిల్లీగ్రాం గారు మాత్రం ఆ రెండు రోజులూ మంచం మీద దాన్నే నెమరువేశాడు. ఫోను బల్ల మీదే ఉంది. నంబరు కార్డు మీదే ఉంది.

వార్డులో నర్సు ఆయన వస్తువులు సంచిలో వేసి చీటీ రాసింది: కళ్లజోడు ఒకటి, చెప్పులు ఒక జత, రాళ్లు రెండు కిలోలు. "రాళ్లు మూడు అని రాయాలమ్మా. కిలోది ఒకటి, అరకిలోవి రెండు" అని దిద్దించాడు. తర్వాత భార్యతో, "నీ మీద కేసు రాయాలి, తెలుసా? సున్నా జరపడం పెద్ద నేరం" అన్నాడు.

"రాయండి. నేనూ మీ మీద రాస్తాను. ముందీ జావ తాగండి."

తాగాడు. మాత్రల మహిమో, దాచడానికి ఏమీ లేకపోవడమో, నాలుగో రోజుకు ఆరు రెండయింది. ఇంటికొచ్చాక కాటాను హాల్లోకి తెచ్చారు. ఆవిడ చక్రం తిప్పి సున్నాకు పెట్టింది. ఆయన వంగి, కళ్లజోడు సరిచేసుకుని సున్నా చూశాడు. అప్పుడే ఎక్కాడు. యాభై మూడు ముప్పావు, ఇంకా తగ్గింది. ఆ అంకె ఆయనే పైకి చదివాడు, ఆవిడ క్యాలెండరు మీద రాసింది. గోడకేసి తిరిగి పడుకోలేదు. పచ్చ కార్డు కళ్లజోడు పెట్టెలోంచి వచ్చి ఫోను పక్కన గోడకెక్కింది. దాని కింద రోజుకెన్నిసార్లు మరుగుదొడ్డికి వెళ్లాడో, ఎన్ని గుడ్లు తిన్నాడో ఆయన స్వదస్తూరితో లెక్క మొదలైంది. సర్వీసులో కూడా ఇంత పద్ధతిగా రిజిస్టరు రాయలేదు.

ఏడు వారాల తర్వాత మళ్లీ అదే గది. కాటా ఎక్కేముందు ఆయన తాళాలు, కళ్లజోడు పెట్టె, చిల్లర, చేతిరుమాలు తీసి ట్రేలో పెట్టాడు. బెల్టు కూడా విప్పబోతుంటే, "ఇక చాలు బాబాయ్ గారూ" అని నర్సు మొహం తిప్పుకుంది. యాభై అయిదుంబావు. భార్య గోడవార కుర్చీలో కళ్లు మూసుకుని ఉండి, అంకె విన్నాక తెరిచింది.

డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితాలు తిరగేసింది. "బాగున్నాయి. పేగులు కుదురుకున్నాయి, మాత్రలు కూడా దాదాపు ఆపేశాం. ఇవాళ మందు మళ్లీ మొదలుపెడదాం."

ఏడు వారాలుగా ఆయన ఎదురుచూసిన మాట అది. భార్య రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. సంతకం పెట్టమని నర్సు కాగితం జరిపింది. కలం చేతికి తీసుకున్నాడు.

పొద్దున స్నానం చేస్తుంటే ఎడమ మోచేతి కింద ఎర్రగా ఒక దద్దు కనిపించింది. దురద పెడుతోంది. కార్డు మీద దద్దుర్లు రెండో మాట, దురద మూడోది. ఆయన వేసుకున్నది పొడుగు చేతుల చొక్కా. భార్య కూడా చూడలేదు. బొత్తాం పెట్టే ఉంది. చేతులు అలా వదిలేస్తే చాలు, సంతకం, సూది, మందు. కాగితం మీద కలం ఆనించాడు. బజారులో ఎంతమంది కళ్లల్లో చూశాడో ఆ లెక్క: ఇంత చిన్నది ఎవరికి తెలుస్తుందిలే.

కలం కింద పెట్టాడు. మణికట్టు దగ్గర బొత్తాం విప్పి, చొక్కా చేతిని మోచేతి పైదాకా మడిచాడు.

"డాక్టరమ్మా, పొద్దున్నుంచి ఇది దురద పెడుతోంది. ఆపాలంటే ఆపేయండి."

భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ లేచి వచ్చి, లైటు దగ్గరకు లాగి, చెయ్యి అటూ ఇటూ తిప్పింది. రెండో చెయ్యి చూసింది, వీపు చూసింది, మెడ చూసింది. ఇంకెక్కడైనా ఉందా అని అడిగింది. లేదన్నాడు. మళ్లీ మొదటి దద్దు దగ్గరకొచ్చి, మధ్యలో ఉన్న చిన్న చుక్కను వేలితో తాకింది.

"ఇది దోమకాటండీ" అంది.

నర్సు ఆపుకోలేక నవ్వేసింది. భార్య నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మిల్లీగ్రాం గారికి తల కొట్టేసినట్టయింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఏదైనా సరే, రాసుకోండి" అన్నాడు.

డాక్టరమ్మ ఒక క్షణం ఆయన్ని చూసి, కలం తీసింది. ఫైల్లో 'దోమకాటు, ఒకటి' అని రాయడం కళ్లారా చూశాకే ఆయన చొక్కా చేయి దించుకుని, సంతకం పెట్టాడు.